తివాచీ మీద బొంత

తివాచీ మీద అరచెయ్యి పరిచి, వెనక గోడ నుంచి గడప వైపుకు వరుస వెంట వరుస తడుముకుంటూ వస్తున్న నల్లప్ప మూడో వరుసలో ఆగాడు. వేలికి ఏదో చురుక్కుమంది. ఉన్ని పాయలు విడదీసి దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నాడు. గుండుసూది. నిన్న కల్యాణదుర్గం పెండ్లివాళ్ళకు చీరలు విప్పి చూపించినప్పుడు రాలి ఉంటుంది. జేబులోని అగ్గిపెట్టెలో వేసి మూత పెట్టి, మళ్ళీ మోకాళ్ళ మీద వంగాడు.

ధర్మవరంలో ఈశ్వరప్ప పట్టుచీరల అంగడి తొమ్మిదింటికి గానీ తెరవరు. నల్లప్ప ఏడున్నరకే వస్తాడు. గోడ నుంచి గోడకు పరిచిన ఆ ఎర్ర తివాచీని ఇంతకుముందు చీపురు పెట్టి పది నిమిషాల్లో ఊడ్చేసేవాడు. ఇప్పుడు అరచేత్తో తడమడానికి గంటకు పైన పడుతుంది.

"ఏమప్పా నల్లప్పా, పాలిచ్చే ఆవును నిమిరినట్ల నిమురుతాండావే దాన్ని" అంది సుబ్బలక్ష్మమ్మ, వెనక ఇంట్లోంచి కాఫీ లోటా తెచ్చి గడప మీద పెడుతూ. ఆమె సావుకారు ఈశ్వరప్ప భార్య. ముందు అంగడి, వెనక ఇల్లు.

"ఆవయితే తంతాదమ్మా. ఇది తన్నదు."

ఆమె నవ్వి లోపలికి పోయింది. నల్లప్పకు కావలసింది ఆ నవ్వే. నవ్వి పోయేవాళ్ళు లోతుకు దిగి అడగరు.

అడిగితే చెప్పాల్సిన సంగతి ఒకటే. రెండేళ్ళుగా అతని కండ్లకు పొర కమ్ముతోంది. మొదట దీపం చుట్టూ పొగలా ఉండేది. తర్వాత పొగ పగటికి కూడా వచ్చింది. ఇప్పుడు మనిషి వస్తే మనిషని తెలుస్తుంది. మాట్లాడితే ఎవరో తెలుస్తుంది. చీర చేతికిస్తే బరువును బట్టి, అంచు గరుకును బట్టి ఏ మగ్గం సరుకో చెప్పగలడు గానీ, వంగపండు రంగో కాఫీ గింజ రంగో చెప్పలేడు. అందుకే ఏ రంగు ఏ అరలో, పై నుంచి ఎన్నోదో మొత్తం నోటికి పెట్టుకున్నాడు. సాయంత్రం ఎవరైనా సర్దుతానంటే ఒప్పుకోడు. "నా చేతి సర్దుడు నాకుండల్ల" అంటాడు. దాన్ని అందరూ పట్టుదల అనుకుంటారు.

ముప్పై ఏళ్ళు మగ్గాల దగ్గర పాత పడుగు చివరలకు కొత్త పడుగు పోగులు అతికే పని చేశాడు నల్లప్ప. ఒక్కో పడుగుకు నాలుగైదు వేల పోగులు. వేళ్ళకు బూడిద అద్దుకుని ఒక్కో పోగునూ మెలిపెట్టి అతకాలి. కండ్లు ఖర్చయింది అక్కడే. మిగిలింది వేళ్ళు. ఆ వేళ్ళను నమ్ముకునే ఈ అంగట్లో నెగ్గుకొస్తున్నాడు.

ఆపరేషను చేస్తే చూపు వస్తుందని అనంతపురం డాక్టరు ఎప్పుడో చెప్పాడు. నలభై రోజులు ఇంట్లో ఉండాలన్నాడు. వంగకూడదు, బరువెత్తకూడదు, పొగ తగలకూడదు. వంగకుండా, ఎత్తకుండా అంగట్లో పని ఏముంది? నలభై రోజులు ఖాళీగా ఉంచితే ఏ చోటూ ఖాళీగా ఉండదు. ఆ లెక్క నల్లప్పకు బాగా తెలుసు. అందుకే డాక్టరు మాట భార్య హనుమంతమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె పొద్దున్నే ఆరు సూదుల్లో దారం ఎక్కించి అతని చొక్కా మడతలో గుచ్చి పంపుతుంది. చీరలకు కాగితపు చీటీలు కుట్టడానికి రోజుకు ఆరు సరిపోతాయి.

ఈ గండం ఇలాగే గడిచిపోయేదేమో. ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలానికి సావుకారు మనుమరాలు పాకడం మొదలుపెట్టింది.

సావుకారు కూతురు నాగరత్న కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పెనిమిటికి బళ్ళారిలో ఇల్లు దొరికే దాకా ఇక్కడే ఉండిపోయింది. ఆడవాళ్ళు చీరలు చూడడానికి వస్తే వాళ్ళతో మాట్లాడేది ఆమే. కాబట్టి బిడ్డ కూడా అంగట్లోనే. వెనక ఇంట్లో కడప బండలు. ఒక్కసారి తల తగిలితే బొప్పి. అంగట్లో ఫ్యాను ఉంది, మెత్తని తివాచీ ఉంది. చూసేవాళ్ళకు బిడ్డకు అంతకంటే మంచి చోటు లేదనిపిస్తుంది. తివాచీ లోపల ఏముంటుందో తెలిసినవాడు నల్లప్ప ఒక్కడే. గుండుసూదులు, జరీ తునకలు, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళ దుమ్ము, ఎవరో తిని వదిలిన వక్క పలుకు. ఉన్ని తివాచీ పిసినారి లాంటిది. లోపలికి పోయిందేదీ బయటికి ఇవ్వదు.

అందుకని దాని మీద ఏదో ఒకటి పరవాలన్నారు. ఏది పరవాలన్న దాని మీద నెల రోజులు చర్చ నడిచింది. ముందు ఈతచాప వేశారు. తివాచీ మెత్తదనానికి చాప కింద ఆధారం లేక, బిడ్డ మోకాలు పెట్టిన చోటల్లా ఈనెలు విరిగి పైకి లేచాయి. తర్వాత మందుల అంగడి నుంచి రబ్బరు షీటు. అది మడతలు పడి జారింది. ఆ ఎండకు బిడ్డ వీపు మీద చెమటకాయలు పేలాయి. నల్లప్ప ఒకరోజు తన ఇంటి నుంచి కంబళి తెచ్చి పరిచాడు. అది తివాచీని పట్టుకుని కదలకుండా ఉంది గానీ సుబ్బలక్ష్మమ్మ మూతి తిప్పింది.

"పట్టు అంగట్లో కంబళా? వచ్చినోళ్ళు ఇది గొర్రెల దొడ్డి అనుకుంటారు. పైగా బిడ్డకు గీరుకుంటాది."

"పాత నూలు చీరలతో బొంత కుడతానమ్మా."

"నూలు బొంత ఉతకాలంటే బిందెన్నర నీళ్ళు తాగుతాది. నాలుగు దినాలకొకసారి వచ్చే కొళాయి నీళ్ళు బొంతకు పోస్తే మనం ఏం తాగేది? పట్టుదయితే తడిగుడ్డతో తుడిస్తే సరిపోతాది. పట్టు తునకలు బుట్టెడు పడుండాయి కదా. మా ఇంటి బిడ్డ పట్టు మీద కాకపోతే ఇంకెవరి బిడ్డ పొర్లుతాదప్పా?"

లెక్క ఆమె వైపు నుంచి చూస్తే తప్పేమీ లేదు. నల్లప్ప వైపు నుంచి ఇంకో లెక్క ఉంది. పట్టు తివాచీ మీద జారుతుంది. జరీ అంచు ఎక్కడ కోసినా పోగులు విడతాయి. ఆ మాట నోటి దాకా వచ్చింది. చెబితే ఆమె "నీకు కుట్టడం చాతకాదా?" అంటుంది. ఎందుకు చాతకాదో చెప్పాలి. ఊరుకున్నాడు. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని, పదహారు రంగుల పట్టు తునకలూ చుట్టూ జరీ అంచులూ వేసి బొంత కుట్టాడు. అంచులను వేలితో కొలుచుకుంటూ లోపలికి మడిచాడు. వచ్చినవాళ్ళంతా ఆ బొంత చూసి కావాలన్నారు. సుబ్బలక్ష్మమ్మ పొంగిపోయింది. నల్లప్ప మాత్రం రోజూ పొద్దున తివాచీ తడమడం అయ్యాక బొంత అంచులు కూడా ఒక చుట్టు తడిమేవాడు.

గుండుసూది దొరికిన ఆ శుక్రవారం మాత్రం బొంత తడమలేదు.

తివాచీ మీద చివరి వరుస ముగిసేసరికే ఆలస్యమైంది. కల్యాణదుర్గం పెండ్లివాళ్ళు మళ్ళీ వస్తారని సావుకారు తొందర పెట్టాడు. నల్లప్ప బొంత దులిపి పరిచి చీరల అరల వైపు పోయాడు. సుబ్బలక్ష్మమ్మ బిడ్డకు తలంటి, శుక్రవారమని పాదాలకు పసుపు రాసి, చుట్టూ పారాణి దిద్ది తెచ్చి బొంత మీద కూర్చోబెట్టింది.

పదిన్నరకు బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది.

మొదట ఆకలి అనుకున్నారు. నాగరత్న లోపలికి తీసుకుపోయి పాలు పట్టబోయింది. బిడ్డ తాగలేదు. కడుపు నొప్పి అనుకుని సోంపు నీళ్ళు పోశారు, కక్కింది. పెండ్లివాళ్ళలో ఒక ముసలామె చెవిపోటు అంది. సుబ్బలక్ష్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు, గట్టి దిష్టే అంది. ఏడుపు తగ్గలేదు. మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు బిగుసుకుపోయి, మళ్ళీ మొదటికంటే గట్టిగా ఏడుస్తోంది.

నల్లప్ప చేతిలో విప్పిన చీర అలాగే ఉండిపోయింది. ఈ పొద్దు తివాచీ అంతా తడిమాడు. ఎడమ మూల తడిమాడా? రెండో వరుసకూ మూడో వరుసకూ మధ్య జాగా వదిలాడా? బిడ్డ నోట్లో గుండుసూది వేసుకుందేమో అన్న ఆలోచన వచ్చింది. చీర పక్కన పెట్టి, పెండ్లివాళ్ళ కాళ్ళ మధ్యనే మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ తడమసాగాడు.

"ఏం పోగొట్టుకున్నావప్పా?" అన్నాడు పెండ్లివాళ్ళ పెద్దమనిషి.

నల్లప్ప తడుముతూనే ఉన్నాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

"నాయనా, ఆసుపత్రికి పోదాం, బండి పిలిపించు" అంది నాగరత్న, ఏడుస్తున్న బిడ్డతో అంగట్లోకి వచ్చి.

"పిలిపిస్తా ఉండా" అని ఈశ్వరప్ప గడప దాటాడు.

"ఒక్కసారి ఇట్లా ఇయ్యమ్మా" అన్నాడు నల్లప్ప. రోజూ నిద్ర వేళకు బిడ్డ అరికాళ్ళు రుద్దేది అతనే. రుద్దితే రెండు నిమిషాల్లో ఊరుకుంటుంది. నాగరత్న బిడ్డను అతని ఒడిలో పెట్టింది.

కుడి పాదం చల్లగా ఉంది. ఎడమ పాదం కూడా చల్లగానే ఉంది గానీ, చిటికెనవేలి పక్క వేలి మీదికి చెయ్యి పోగానే బిడ్డ కొరడా దెబ్బ తిన్నట్టు ఎగిరింది. నల్లప్ప మళ్ళీ మెల్లగా తాకాడు. ఆ ఒక్క వేలూ ఉడుకుతోంది. నానిన అలసంద గింజలా ఉబ్బి ఉంది. దాని మొదట్లో ఒక గాడి. గాడిలో గోటికి తగిలీ తగలనట్టు ఏదో ఉంది.

అతనికి అర్థమైపోయింది. నాలుగైదు వేల పోగుల్లో ఒక్క పోగు తేడా ఉంటే పట్టుకున్న వేళ్ళవి.

"జరీ పోగు" అన్నాడు. "వేలికి చుట్టుకోని బిగిసింది."

"యాడ? చూసినా కదా. కాలంతా ఎర్రగానే ఉండాది" అంది సుబ్బలక్ష్మమ్మ. ఎరుపంతా పారాణి అనుకున్నారు అందరూ. వాపు ఎరుపు ఆ ఎరుపులో కలిసిపోయింది.

"బ్లేడు తేండి. కొత్తది."

నాగరత్న పరుగున పోయి బ్లేడు తెచ్చి అతని చేతిలో పెట్టబోయింది. నల్లప్ప చెయ్యి చాచలేదు.

చుట్టూ అందరూ ఉన్నారు. బండికి మనిషిని పంపి తిరిగొచ్చిన సావుకారు గడపలో నిలబడ్డాడు. పెండ్లివాళ్ళు నలుగురు. ఈ అంగట్లో పోగు కోయడానికి నల్లప్పను మించినవాడు లేడని అందరికీ తెలుసు. బ్లేడు తీసుకుని తడుముకుంటూ కోస్తే కోయగలడేమో. పోగు తెగుతుందో, వేలు తెగుతుందో. రెండేళ్ళు దాచిన మాట ఒక తట్టలో, ఈ గింజంత వేలు ఒక తట్టలో. తూకం వేయడానికి అంతసేపు పట్టలేదు.

"నువ్వే కొయ్యమ్మా" అన్నాడు. "నాకు కండ్లు కనపడవు."

నాగరత్న బ్లేడుకు చుట్టిన కాగితం విప్పింది. బిడ్డ ఏడుస్తూనే ఉంది.

"నేను గోటితో పోగు పైకి లేపి పట్టుకుంటా. నా గోరు పక్కన సన్నగా మెరుస్తాది చూడు. నా గోటి మీద బ్లేడు పెట్టు. నా గోరు తెగినా ఏం కాదు."

చొక్కా మడతలోంచి సూది ఒకటి తీసి, మొద్దు వైపుతో గాడిలోకి పోయి, పోగును మెలమెల్లగా గోటి మీదికి లేపాడు. నాగరత్న వంగి చూసింది. అతని గోటి మీద బ్లేడు ఆనించి ఒక్క గీత గీసింది. పోగు తెగిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు. నల్లప్ప వేలికి మాత్రం తెలిసింది. తెగిన కొసను పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఒక చుట్టు. రెండు. మూడు. నాలుగో చుట్టుకు మొత్తం పోగు అతని వేళ్ళ మధ్యకు వచ్చింది.

బిడ్డ ఇంకో పది నిమిషాలు ఏడ్చింది. తర్వాత వెక్కిళ్ళు. తర్వాత నిద్ర. సందు చివరి నుంచి కంపౌండరు వచ్చి వేలు నొక్కి చూసి, ఇంకో పూట ఆగి ఉంటే వేలు నల్లబడేదని చెప్పి, పసుపు రంగు మందు పూసి, కట్టు కట్టి పోయాడు.

పెండ్లివాళ్ళు రెండు చీరలు తీసుకుని వెళ్ళిపోయారు. ఈశ్వరప్ప తలుపు ఒకటి మూసి, నల్లప్ప ఎదురుగా తివాచీ మీద కూర్చున్నాడు. పట్టు బొంత ఇద్దరి మధ్యా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచప్పా?"

"రెండేండ్లయ్యుంటాదన్నా."

"రెండేండ్లు నా అంగట్లో గుడ్డిగా చీరలు మడిసినావా?"

"చీర మడత ఒక్కటీ తప్పలేదన్నా." నల్లప్ప బొంత అంచు వెంబడి వేలు నడిపాడు. ఒక చోట ఆపాడు. బెత్తెడు మేర జరీ కొస లోపలికి మడవకుండా బయటే ఉండిపోయింది. కుట్టు పక్క నుంచి పోయింది. "బొంత అంచు తప్పినా."

ఈశ్వరప్ప ఆ చోటు చూశాడు. లోపలి నుంచి సుబ్బలక్ష్మమ్మ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"పట్టుదే కుట్టమనింది నేను" అంది.

"నువ్వు ఊరికే ఉండు" అన్నాడు ఈశ్వరప్ప. కోపంగా కాదు. నల్లప్ప వైపు తిరిగాడు. "ఇంగ నీ చేతికి బిడ్డను ఎట్లిచ్చేది, సరుకు ఎట్లిచ్చేది? నువ్వే చెప్పు."

"ఈయొద్దన్నా. నీ జాగాలో నేనున్నా ఈయను."

ఆ జవాబుకు ఈశ్వరప్ప తల వంచుకున్నాడు. బేరంలో మనం అడగబోయేది ఎదుటివాడే ముందు ఒప్పేసుకుంటే ఇంక మాట్లాడడానికి ఏముంటుంది? చివరికి, "అనంతపురంలో కండ్ల డాక్టరు నాకు తెలిసినోడే. చీటీ రాసిస్తా. రేపు పొద్దున బత్తలపల్లె మీద పోయే బస్సెక్కు. పొర తీస్తే నలభై దినాలు ఇంట్లో ఉండల్లంటారు గదా. అన్నాళ్ళకు నీ పనికి మా మగ్గాల కాడి ఎర్రిస్వామిని రమ్మంటా. బాగయినాంక రా" అన్నాడు.

"అట్లే అన్నా."

పదకొండేళ్ళ కింద ఈ అంగట్లో మారెప్ప ఉండేవాడు. కాలు విరిగి మంచాన పడితే, నెల రోజులకని నల్లప్పను రమ్మన్నారు. మారెప్ప కాలు బాగై ఒకరోజు గడప దాకా వచ్చి, చీరలు మడుస్తున్న నల్లప్పను చూసి, కాఫీ తాగి, యోగక్షేమాలు అడిగి వెళ్ళిపోయాడు. ఈ సంగతి ఈశ్వరప్పకూ గుర్తుంది, నల్లప్పకూ గుర్తుంది. ఇద్దరూ దాని మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం నల్లప్ప ఇంటికి పోయాడు. హనుమంతమ్మ సంగటి పెడుతూ అతని మొహం చూసింది.

"చెప్పేసినావా?"

"చెప్పేసినా."

ఆమె ఇంకో ముద్ద వడ్డించింది. తిన్నాక అతను కంబళి కావాలన్నాడు. సగం కోస్తానన్నాడు. ఆమె తన నీలం నూలు చీర కూడా తెచ్చి ఇచ్చింది. ఉతికి ఉతికి బిడ్డ చెంపలా మెత్తబడింది అది.

"చలికి మనకేం మిగులుతాది?" అంది.

"కండ్లొచ్చినాంక చూసుకుందాం. ఎండాకాలమే కదా ఇప్పుడు."

మూడింటికి అంగడికి తిరిగి వచ్చి గోడ వారన కూర్చున్నాడు. ఈసారి లెక్క తన చేతిలో ఉంది. అడుగున కంబళి, తివాచీ ఉన్నినీ కంబళి ఉన్నినీ ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి, జారదు. పైన నూలు, చెమట పీలుస్తుంది. రెండూ కలిపి కుట్టేస్తే బిందెన్నర నీళ్ళు. కాబట్టి నూలు గుడ్డను దిండు గలీబులా తొడుగు చేసి, ఒక వైపు గుడ్డ పేలికలతో ముడి వేసి కట్టాలి. తొడుగు ఒక్కటే ఉతికితే రెండు చెంబుల నీళ్ళు చాలు. బియ్యం కడిగిన నీళ్ళయినా సరే.

చొక్కా మడతలో దారం సూదులు మూడే మిగిలాయి. అవి అయిపోయాక "నాగరత్నమ్మా" అని పిలిచాడు. "సూదిలో దారం ఎక్కించమ్మా."

పెండ్లాం కాక ఇంకొకరిని ఆ మాట అడగడం రెండేళ్ళలో అదే మొదలు. నాగరత్న వచ్చి పక్కనే కూర్చుంది. సాయంత్రం దాకా సూదులు ఎక్కించి ఇస్తూనే ఉంది. ఒక్కో అంచు అయ్యాక అతను రెండుసార్లు తడిమాడు. మూడోసారి ఆమె చేత తడిమించాడు.

అయిదున్నరకు బొంత పరిచారు. బిడ్డ నిద్ర లేచి, కట్టు కట్టిన వేలితో, నీలం గుడ్డ మీద ఒకసారి బోర్లాపడి, రెండు మోకాళ్ళ మీద లేచి, ముందుకు పాకింది. బొంత కదలలేదు.

"గీరుకోదులే" అంది సుబ్బలక్ష్మమ్మ, తొడుగు మీద చెయ్యి పెట్టి చూసి. "పట్టుది పెట్టెలో పెట్టేస్తానప్పా."

"పెట్టకండమ్మా. విప్పేయండి. దిగదుడిచి పారేసినా సరే. ఇది మాత్రం నాలుగు దినాలకొకసారి తొడుగు ఉతకండి. కంబళి నీళ్ళలో వేయొద్దు, ఎండలో వేసి కట్టెతో కొట్టండి. వాసన గుళికలు పెట్టొద్దు, బిడ్డ నోట్లో పెట్టుకుంటాది. దినామూ పొద్దున పరిచేముందు అంచులు చూడండి. కంటితో కాదమ్మా. వేలితో."

"చూస్తానప్పా." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నలభై దినాలు ఎంతసేపు."

"ఎంతసేపమ్మా" అన్నాడు నల్లప్ప.

అరల ముందుకు పోయి ఏ రంగు ఎక్కడుందో ఎర్రిస్వామికి చెప్పమని ఈశ్వరప్పకు ఒకసారి అప్పజెప్పాడు. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, ఒక్కటి కూడా తప్పలేదు. ఈశ్వరప్ప ఊకొడుతూ విన్నాడు. డాక్టరుకు చీటీ రాసి నల్లప్ప జేబులో తనే పెట్టాడు. నల్లప్ప మిగిలిన కంబళి ముక్కను చంకలో పెట్టుకుని, గడపను కాలితో వెతుక్కుని దాటాడు. ఈసారి వెతుక్కోవడం దాచుకోలేదు.

వీధిలో దుమ్ము లేస్తోంది. నాగరత్న బిడ్డను ఎత్తుకుని గడప దాకా వచ్చి, అతను సందు మలుపు తిరిగే దాకా చూసి లోపలికి పోయింది. సావుకారు రెండో తలుపు కూడా వేశాడు. చీకటి పడుతున్న అంగట్లో, ఎర్ర తివాచీ మీద నీలం బొంత ఎవరూ సర్దకుండా పరిచినట్టే ఉంది. దాని నడుమ బిడ్డ చొంగ కార్చిన చోట అరచేతంత తడి ఇంకా ఆరలేదు.